కారుకు కొసరు

కోవిల్‌పట్టిలో వెళ్ళైసామి గానుగ దగ్గర సెనగనూనె కొన్నవాళ్ళెవరూ సరిగ్గా కొలతకు కొని ఎరగరు. లీటరు కొలిచాక సీసా మూతి దాకా మరో గరిటెడు కొసరు పడాల్సిందే. వద్దన్నా పడుతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ చెయ్యి అలా అలవాటు పడిపోయింది. ఆయన భార్య పుష్పం కాపురానికి వచ్చిన వారంలోనే ఆ విద్య నేర్చేసుకుంది.

ఆ శనివారం పొద్దున వాళ్ళు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి బయలుదేరి, పదిలోపల విరుదునగర్ చేరి, హోటల్ యజమాని రాఘవేంద్రన్‌కు రెండు టిన్నుల నూనె చూపించాలి. నచ్చితే నెలనెలా నలభై టిన్నులు. ఏడాదిగా మూలన పడ్డ రెండో గానుగ మళ్ళీ తిరుగుతుంది. అయితే రాఘవేంద్రన్ మహా కచ్చితమైన మనిషి. కొలత తగ్గిందని ఇద్దరు నూనెవాళ్ళను, ఆలస్యమైందని ముగ్గురిని వాకిట్లోనుంచే పంపేశాడని పేరు.

కారుకు ముందురోజే మెకానిక్ ఇసక్కిముత్తు ఇంజన్ ఆయిల్ మార్చి, మిగిలింది డబ్బాలోనే ఉంచి వెళ్ళాడు. వెళ్ళైసామి బానెట్ ఎత్తి, ఆయిల్ మట్టం చూసే పుల్ల బయటికి లాగాడు. ఆయిల్ పై గీతకు సరిగ్గా తాకి ఉంది.

"చూసినావా వాడి పిసినారితనం! గీత దాకా పోసి చేతులు దులుపుకోని పోయినాడు. మంచి కార్యానికి పోయే బండికి కొసరు లేదా?" అని గొణుక్కుంటూ ఒక వంపు వంపి, టిన్నులు తేవడానికి లోపలికి వెళ్ళాడు.

అంతలో పుష్పం బయటికి వచ్చింది. బానెట్ తెరిచి ఉంది, డబ్బా పక్కనే ఉంది. "అయ్యో, ఈ మనిసి కొసరు మరిచిపోయినాడే" అనుకుని తన వంతు తానూ పోసింది. భర్తకు చెప్పలేదు. కొసరు వేసి చెప్పుకోవడం ఆ ఇంట్లో మర్యాద కాదు.

వెనక సీట్లో టిన్నులు పెట్టి, వాటి పక్కన రాఘవేంద్రన్ ఇంటికని అట్టపెట్టె నిండా కడలై మిఠాయి, అంటే వేరుసెనగ చిక్కీ, సర్దారు. ఆ పెట్టె తిరుత్తంగల్ నుంచి ఎప్పుడో టపాసులతో వచ్చింది. దాని మీద నిప్పులు కక్కే రాకెట్ బొమ్మ ఇంకా కొత్తగానే ఉంది.

సాత్తూరు చేరేలోపే కారు లాగలేక మూలగసాగింది. వెనకనుంచి నీలం పొగ లేచింది.

"మామా, పొగ వస్తా ఉండాది!" అంది పుష్పం.

"గానుగలో జిడ్డు ఆరిపోతే పొగ రాదా? ఇదీ అంతే. పాపం, దాహంగా ఉండాది" అంటూ వెళ్ళైసామి కారు ఆపి, డబ్బాలో మిగిలిందంతా పోసేశాడు.

"పొయ్యి, బాగా పొయ్యి. నోరులేనిది, అడగను తెలియదు దానికి" అంది పుష్పం.

ఇక చూడాలి ఆ పొగ! విరుదునగర్ పొలిమేరలో మోటారు సైకిల్ మీద పక్కకు వచ్చిన ఒకాయన కారు అద్దంలోంచి రాకెట్ బొమ్మ చూశాడు. పొగ చూశాడు. ఊరూరా టపాసుల కార్ఖానాలున్న ఆ జిల్లాలో పుట్టిన మనిషికి అంతకంటే చూడాల్సిందేమీ లేదు. "టపాసుల బండి అంటుకుంది! పారిపోండి!" అని తమిళంలో కేకలు పెడుతూ ముందుకు దూసుకుపోయాడు. మూలిగే కారులోని ఇద్దరికీ ఆ కేకలు వినబడలేదు. బస్సులు పక్కకు తప్పుకున్నాయి. ట్రాఫిక్ పోలీసు టీ కొట్టు వెనక్కి చేరాడు. క్షణంలో రోడ్డంతా ఖాళీ అయింది.

"పెద్ద ఊరి మర్యాదంటే ఇది పుష్పం! మనకోసరం దారి ఇడుస్తా ఉండారు" అన్నాడు వెళ్ళైసామి, ఛాతీ పొంగించి.

పదికి పావుగంట ముందే హోటల్ ముందు ఆగారు. వాళ్ళ వెనకే గంట కొట్టుకుంటూ ఫైరింజన్ కూడా ఆగింది.

టిఫిన్ తింటున్నవాళ్ళంతా చేతిలో దోసెలతోనే వెనక గుమ్మంగుండా పరుగెత్తారు. ఫైరింజన్ వాళ్ళు రాకెట్ పెట్టెను నడిరోడ్డు మీదికి లాగి నీళ్ళతో ముంచేశారు. కడలై మిఠాయి ముక్కలు కాలవ వైపు ప్రయాణం కట్టాయి. రాఘవేంద్రన్ తువ్వాలు నడుముకు బిగించి బయటికి వచ్చాడు. ఊరంతా తమిళం మాట్లాడే ఆయనకు కోపం వస్తే మాత్రం ఇంటి తెలుగే వస్తుంది.

"నూనె అమ్మను వచ్చినావా, నా హోటల్ మూయించను వచ్చినావా? ఎత్తుకోని పో నీ టిన్నులు!"

బూజు పట్టిన రెండో గానుగ వెళ్ళైసామి కళ్ళముందు మెదిలింది.

ఎదురు షెడ్డులోని మెకానిక్ జెయకుమార్ వచ్చి పుల్ల లాగి చూశాడు. "నిప్పూ లేదు, టపాసూ లేదు. మూడున్నర లీటర్లు పట్టే ఇంజన్‌లో అయిదు దాకా ఉంది. లోపల తిరిగేదంతా ఆయిల్లో మునిగి నురగ చిలుకుతోంది. పొంగిన ఆయిల్ మండి పొగవుతోంది. ఎవరయ్యా ఇంత పోసింది?"

"నేనే" అన్నాడు వెళ్ళైసామి తల దించుకుని. "గీతకాడ నిలపను నా చెయ్యికి చేతకాదు. కొసరు పోసినాను."

"నేనూ పోసినాను మామా" అంది పుష్పం మెల్లగా.

"నువ్వు కూడానా!"

"నువ్వు మరిచినావనుకుంటిని."

రాఘవేంద్రన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. లోపలికి వెళ్ళి తన సొంత లీటరు పాత్ర తెచ్చాడు. పదిహేను లీటర్ల టిన్ను కొలిపించాడు. పదిహేను సార్లు పాత్ర నిండాక కూడా టిన్ను అడుగున నూనె మిగిలింది. రెండో టిన్నులోనూ అంతే. వేలితో తీసి నాలుక మీద రాసుకున్నాడు. ఆ తర్వాత బొజ్జ కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇరవై ఏండ్లుగా అందురూ నన్ను కొలతలో ఏమారుస్తానే ఉండారు. కారుకే కొసరు పోసినోడు నాకు తక్కువ పోస్తాడా? నలబై టిన్నులు, ఈ నెలనుంచే! కానీ నీ కారులో తేవద్దు సామీ. నా బండినే పంపిస్తా."

ఆదివారమంతా రెండో గానుగ తిరిగింది. పుష్పం నలభై టిన్నులకూ తన చేత్తోనే కొసరు పోసింది. ఆ ఇంట్లో అంత సంతోషంగా గడిచిన ఆదివారం ఈమధ్య లేదు.

సోమవారం తెల్లవారగానే విరుదునగర్ నుంచి బండి వచ్చింది. దాని బానెట్‌కు తాళం వేసి ఉంది.