ఒకే టైము ఇచ్చే కారు మనకొద్దు!

ప్రతిసారీ ఒకే టైములో పరిగెత్తే రేసు కారు ఇంటికి అరిష్టం! పద్నాలుగు నెలల అనుభవంతో చెబుతున్నాను, నమ్మండి.

డ్రాగ్ రేసు తెలియనివారికి రెండు ముక్కలు. మలుపులుండవు. పావు మైలు తిన్నని రోడ్డు, పచ్చలైటు, కాలు నొక్కడం, అంతే. మేం ఆడే పోటీలో మాత్రం చిన్న మెలిక ఉంది. మన కారు ఎన్ని సెకన్లలో చేరుతుందో ముందే అద్దం మీద రాయాలి. రాసినదానికంటే ఆలస్యమైతే వెనకబడతాం. త్వరగా చేరితే ఆట నుంచి అవుట్! వేగంగా వెళ్లినందుకు ఓడించే ఆట ఇంకెక్కడైనా ఉందా?

మా కారు ఉదయం 12.3 ఇస్తుంది. గంట తర్వాత 12.9. మధ్యాహ్నానికి 12.1. అద్దం మీద ఏం రాయమంటారు? మా ఆవిడ పుట్టినరోజు రాద్దామన్నాను. కనీసం అదైనా గుర్తుంటుంది.

కానీ లాభాలు చూడండి! మా బామ్మర్ది మెకానిక్. సొంత షెడ్డుంది. ఒకప్పుడు రెండు నెలలకోసారి వాళ్లక్కను చూసిపోయేవాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం మా కారు కిందే ఉంటాడు. పలకరింపులు లేని వీధి మొత్తం మా గేటు ముందు చేరింది. రిటైరైన లెక్కల మాస్టారు ఇంజనుకు పెట్రోలు అందించే పంపును అనుమానించారు. పళ్ల డాక్టరుగారు ప్లగ్గుల మధ్య సందు చూసి పెదవి విరిచారు. మా పిన్నికి రంగు నచ్చలేదు. సవ్యంగా పరిగెత్తే కారు ఇంతమందిని కలుపుతుందా?

"బావా, ఒకసారికి ఒక్కటే మారుద్దాం. అప్పుడేగా జబ్బెక్కడుందో తెలిసేది?" అన్నాడు బామ్మర్ది.

ఒక్కటా! ఇదేమన్నా తీపిమాత్రల వైద్యమా? ప్లగ్గులు, పంపు, గేరుబాక్సు ఆయిలు, కార్బొరేటరు నాలుగూ ఒకేసారి మార్పించాను. నాలుగు మారిస్తే తప్పు దేనిదో ఎవ్వరూ చెప్పలేరు. పెద్ద పెద్ద ఆఫీసులు నడిచేది ఈ సూత్రం మీదే కదా! అమ్మకాలు పడిపోతే బోర్డు మారుస్తారు, కుర్చీలు మారుస్తారు, గుమాస్తాను మారుస్తారు. పెద్ద కుర్చీలో ఉన్నాయన మాత్రం ఫ్యాక్టరీ ఫిట్టింగు!

బామ్మర్ది దగ్గర ఒక నోటుబుక్కుంది. ప్రతి పరుగుకు ముందు ఎండ, గాలి, టైర్ల ప్రెషరు గేజీతో కొలిచి మరీ రాస్తాడు. పుస్తకంలో అన్నీ సరిగ్గానే ఉంటాయి. టైము మాత్రం రోజుకో రకం. ఒకరోజు ట్రాకు దగ్గర ఎవరో గట్టిగానే అన్నారు.

"సొంత బావ కారే బాగుచెయ్యలేకపోయాడు, మన బండ్లేం చేస్తాడయ్యా?"

పాత గిరాకీలు ముగ్గురు వేరే షెడ్డు చూసుకున్నారు. బామ్మర్ది నవ్వేశాడు గానీ, ఆ రోజు నుంచి బిగించిన బోల్టునే మళ్లీ మళ్లీ బిగిస్తున్నాడు. ఇదీ మన మంచికే! గిరాకీ తగ్గితే మన కారుకు తీరిక దొరుకుతుంది.

అప్పుడు మా ఆవిడ నా చొక్కా ఉతకబోయింది. జేబులో టైరు గాలి మూతలు రెండు దొరికాయి.

"ఏమండీ, ఇవెక్కడివి?"

నాకో కళ ఉంది. మా నాన్న లారీ నడిపేవారు. బొటనవేలితో నొక్కి టైరులో గాలెంతో చెప్పేసేవారు. ఆ వేలే నాకూ వచ్చిందని నా నమ్మకం. బామ్మర్ది కొలిచి, రాసుకుని అటు వెళ్లగానే నేను వెనక టైర్లు నొక్కి, రోడ్డుకు బాగా పట్టాలని కాస్త గాలి వదిలేవాణ్ణి. ఒక్కోసారి కాస్త ఎక్కువే. కళను పుస్తకంలో ఎక్కిస్తారా?

"వాడు కొలుచుకుంటుంటే మీరు వెనకాల గాలి తీస్తున్నారా? పద్నాలుగు నెలలుగా! ఇక టైము ఒకేలా ఎలా వస్తుంది?"

ఆదివారం పోటీలో, నేను కారెక్కేదాకా ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. చూసినవాళ్లు అన్యోన్యత అనుకున్నారు.

అద్దం మీద 12.34 రాశాం. మొదటి పరుగు 12.35. రెండోది 12.35. ఫైనల్లో 12.34. కప్పు మాదే!

బామ్మర్ది పరిగెత్తుకొచ్చాడు. కళ్లలో నీళ్లు.

"బావా, ఈసారి ఏం మార్చావు?"

"ఏమీ మార్చలేదురా."

పద్నాలుగు నెలల్లో నేను వాడికి చెప్పిన మొదటి నిజం అది. వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అయితే ఇన్నాళ్లూ తప్పు నాదే బావా. ఆ కార్బొరేటరు మొదట్లో సరిగ్గా కూర్చోబెట్టలేదేమో. నీ పరువు కూడా తీశాను. ఏమనుకోకు."

ఏమనుకోకు అన్నాడండీ, నాతో!

అందుకే అరిష్టమన్నాను. కారు నిలకడగా పరిగెడితే తప్పులన్నీ ఒక్కొక్కటే తప్పుకుని, చివరికి మనమొక్కళ్లమే మిగులుతాం. "నేను చెప్పను, మీరే చెప్పాలి" అని మా ఆవిడ మాట్లాడటం మానేసింది. రోజూ షెడ్డు దాకా వెళ్తున్నాను. టీ తాగి వచ్చేస్తున్నాను.

మీలో ఎవరైనా బండి బాగుచేయించుకోవడానికి వాడి దగ్గరికి వెళ్తే, కార్బొరేటరు మొదటినుంచీ సరిగ్గానే ఉందని ఒక్క మాట చెప్పండి. నాకు నోరు పెగలడం లేదు.