పిల్లి దయ్యాన్ని కొలిచిన సీసా

దశరథ కోపమంతా అత్త హుజూర్‌నగర్ నుంచి చంకన పెట్టుకొచ్చిన నల్లపిల్లి మీదే. రామన్నపేటలో అతని మగ్గం మీద, సగం నేసిన చీర మీదే అది పడుకునేది. లేపితే గోళ్ళతో పోగులు తెంపేది. పిల్లి పోవాలంటే అత్త పోవాలి. అత్త పోయే జాడ లేదు.

చలిగాలి పొడిగా వీస్తున్న ఒక సాయంత్రం, దాని వీపు మీద చెయ్యి పడగానే చిటపటమని నీలి రవ్వలు లేచాయి. దశరథ ఒళ్ళు ఝల్లుమంది. దయ్యమేమోనని అడిగితే ఊరి బడిలో సైన్సు పంతులు నవ్వి, అది దయ్యం కాదు, రాపిడికి పుట్టిన కరెంటన్నాడు. కొలిచే తీరూ చూపించాడు: గాజు సీసా, బిరడాలోంచి లోపలికి దిగిన తీగ, దాని కొసన సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం పాయలు రెండు. కరెంటు ఎంత ఎక్కువైతే పాయల మధ్య అంత ఎడం.

దశరథ సీసా ఇంటికి తెచ్చాడు. కరెంటు సంగతి కడుపులో దాచుకున్నాడు.

పొద్దుగూకే వేళ అత్తనూ భార్యనూ మగ్గం గదిలోకి పిలిచాడు. మసక వెలుతురులో తెల్లటి పోగులు గాలి లేకున్నా కదులుతున్నట్టున్నాయి. ఉన్ని గొంగడి కప్పుకుని, పీట మీద నిలబడి, చంకలోని పిల్లిని నిమిరి, తీగకు వేలు తాకించాడు.

పాయలు ఊపిరి పీల్చినట్టు మెల్లగా విచ్చుకున్నాయి. అట్లాగే నిలిచిపోయాయి.

“చూసిన్రా? దయ్యముంటెనే గిట్లయితది. అత్తా, రేపటి బస్సుకే దీన్ని తీస్కపో.”

అత్త వెంకటనర్సమ్మ కూతురి వైపు చూసింది. అతని భార్య ఆండాళు వచ్చి తీగను ముట్టుకుంది. పాయలు టక్కున ముడుచుకున్నాయి.

“నా లోపలైతె లేదు. దయ్యం పిల్లిల ఉన్నదో, నిమిరినోనిల ఉన్నదో ఎట్ల తెలుస్తది? పిల్లిని దించు.”

దించాడు. ఆమె అతని మీది గొంగడిని చర్రున లాగేసింది.

“గిప్పుడు ముట్టు.”

పాయలు విసురుగా విడిపోయి చెరొక పక్క గాజుకు అంటుకున్నాయి. మూలనుంచి పిల్లి దశరథనే చూస్తోంది. అంతా తెలిసి కూడా అతను దాని చూపు తప్పించుకున్నాడు. గొంగడి రాపిడని చెబితే పిల్లి గుట్టూ బయటపడుతుంది. వేలు వెనక్కి తీసుకున్నాడు.

“పిల్లి కంటె నీలనే ఎక్కువున్నది” అంది ఆండాళు.

“దయ్యం పట్టిన మనిషి తోని బిడ్డను ఇడిసిపెట్టి ఎట్ల పోత?” అంది అత్త. “అది దిగేదాంక గీడనే ఉంట.”

ఆ పూటే దశరథ పడక మగ్గం గదిలోకి మారింది. చాప పరుస్తూ ఆండాళు గొంతు తగ్గించింది.

“పంతులు పెండ్లాం బాయికాడ అంతా చెప్పింది. నువ్వెప్పుడు చెప్తవోనని చూస్తున్న.”

“మీ అమ్మకు తెల్వద్దు” అన్నాడు దశరథ దీనంగా.

“ఆమెనే నాకు చెప్పింది, గొంగడి గుంజి చూడమని.”