కొండెక్కిన కోడలు

1972 ఏప్రిల్‌లో ఆ ఉదయం వసుంధర వేసుకున్న పథకం సులువైనదే. ఎండ ముదరకముందే నిలువుగా ఉన్న మంచుకొండ ఎక్కాలి. పైపొర పంచదార పలుకుల్లా మెత్తబడగానే స్కీ చెక్కలు కట్టుకుని జారాలి. మధ్యాహ్నం మనాలి చేరి రేపల్లెకి ట్రంకాల్ చెయ్యాలి.

తెనాలి ఆడపిల్లల కాలేజీలో ఆటలు నేర్పే వసుంధర, అత్తవారింట్లో "ఢిల్లీలో ట్రైనింగు" అని మాత్రమే చెప్పి ఈ కొండల ట్రైనింగుకి వచ్చింది. కొండంటే పంపరు. దిగాక చెబితే ఆ ఇంట్లో ఒక్కరైనా శభాష్ అనకపోతారా అని ఆశ.

తెల్లవారుజామున మంచు బండలా ఉంది. చెక్కలు వీపున మోస్తూ, బూటు మొనతో పొడిచి మెట్టు చేసుకుంటూ ఎక్కింది. పైనుంచి చూస్తే ముందు తన బూట్లు, ఆ తర్వాత ఏకంగా లోయ. మలుపు మలుపుకీ "అమ్మో" అనుకుంటూనే జారింది. ఒక్కసారీ పడలేదు.

రేపల్లెలో అత్తవారి వీధికంతా రైసుమిల్లు వెంకట్రామయ్యగారి ఫోనే దిక్కు. లైన్లో ఒకటే గరగర. వసుంధర ఎంత అరిచినా అవతలికి పేరొక్కటే అందింది.

"ఎవరూ? వసుంధరకేంటి?"

"కొండెక్కింది బాబాయిగారూ! వసుంధర కొండెక్కింది! అత్తయ్యగారికి చెప్పండి!" అని ఆయనకి అందిన ఆ పేరుతోనే అరిచింది.

"జారుకుంటూ దిగింది కూడా" అనేలోపు లైను తెగింది. కబురు చేరిందిలే అనుకుని వసుంధర మళ్ళీ ట్రైనింగులో పడింది.

వెంకట్రామయ్యగారు పద్ధతి గల మనిషి. ఆయనింట్లో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. చావు మాట నోటితో అనలేక ఢిల్లీ నుంచి ఎవరో మర్యాదస్తురాలు అలా చెప్పిందనుకుని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి కబురందించారు.

"నా బంగారు కోడలా!" అని అత్తగారు మంగాయమ్మ శోకాలు పెట్టింది. ఆ మాట మొదటిసారి అనడం అప్పుడే. కాలేజీలో కనుక్కుందామంటే వేసవి సెలవులు. ఢిల్లీ వెళ్ళి చూసి రమ్మంటే వసుంధర భర్త జగన్నాథరావు, "అంత దూరం వెళ్ళి చేసేదేముంది?" అన్నాడు. దర్భబొమ్మకి దహనం, ఆనక పెద్దకర్మ పద్ధతి ప్రకారం జరిగిపోయాయి.

మిగతా మూడు వారాల ట్రైనింగు ముగించుకుని వసుంధర గుమ్మంలోకి వచ్చేసరికి, బాపట్ల నుంచి వచ్చిన బసవేశ్వరరావుగారు పెసరట్టు తింటూ కూతురి గుణగణాలు చెబుతున్నారు. "మా సరోజిని గడప దాటి ఎరగదండీ."

మంగాయమ్మ కెవ్వుమంది. కోడలి చేతులు తడిమి, నిజమేనని తేల్చుకుని మళ్ళీ ఏడిచింది. "ఇప్పుడెలాగే తల్లీ! వాళ్ళకి మాటిచ్చేశాం గదా!"

వసుంధరకి విషయం అర్థం కావడానికి కాసేపు పట్టింది. "కొండ నిజంగానే ఎక్కానత్తయ్యా! అంత నిలువు మంచుకొండ, జారుకుంటూ దిగాను కూడా!" అంది.

ఎవరూ శభాష్ అనలేదు.

"ఆ మాటేదో సరిగ్గా చెప్పి ఏడవొచ్చుగా?" అన్నాడు జగన్నాథరావు. "ఊరందరి ముందూ ఎంత నామర్దా!"

బసవేశ్వరరావుగారు చెయ్యి కడుక్కుని లేచారు. "పోన్లెండి బాబూ. ఆవిడ మళ్ళీ ఎప్పుడన్నా కొండలకెళ్తే మాకో కార్డు ముక్క రాయండి."

జగన్నాథరావు అడ్రసు రాసుకున్నాడు.