కూర్చునే చోటు లేని వీధికి జేజేలు

మా వీధిలో బెంచీలన్నీ పీకేసిన మున్సిపాలిటీ వారికి రెండు చేతులూ ఎత్తి నమస్కరిస్తున్నాను! ఇంత గొప్ప ప్రజాసేవ ఈ మధ్యకాలంలో ఇంకెవరూ చేయలేదని ఎవరితోనైనా వాదించడానికి సిద్ధం. నిలబడే వాదిస్తాను.

మీరు మూతి ముడుచుకోవడం నాకు ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. కాస్త ఆగండి. అసలు వీధిలో బెంచీ దేనికండీ? బెంచీ వేస్తే జనం కూర్చుంటారు. కూర్చున్నవాళ్ళు ఊరుకుంటారా? మాట్లాడుకుంటారు! కుళాయిలో నీళ్ళెందుకు రావడం లేదు, వీధిదీపం ఎందుకు వెలగడం లేదు అని కూపీలు లాగుతారు. అదే నిలబడ్డ మనిషిని చూడండి. కాళ్ళు లాగుతుంటాయి గనక రెండు తిట్లు తిట్టి ఇంటికి పోతాడు. ఊరికి ఎంత ప్రశాంతత!

ఈ కార్యక్రమానికి సుందరీకరణ అని పేరు. బెంచీ పీకిన చోట పూలకుండీ పెట్టారు. కుండీ అంచు మీద ఎవరైనా చతికిలబడతారేమోనని చుట్టూ మొనదేలిన ఊచలు పాతారు. బస్టాపులో సీటు తీసేసి ఏటవాలుగా ఒక కడ్డీ బిగించారు. దాని మీద కూర్చుంటే జారిపోతాం, ఆనుకుంటే నడుం పట్టేస్తుంది. మనిషి సుఖపడే దారులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుంటూ వచ్చిన ఆ ఇంజినీరు మామూలు మేధావి కాదు. ఇంట్లో ఆయన దేని మీద కూర్చుంటాడో తెలుసుకోవాలని నాకు మహా కుతూహలంగా ఉంది.

ఈ మేలు వల్ల అందరికన్నా ఎక్కువ బాగుపడింది మా కింది వాటాలో ఉండే కండక్టరమ్మ.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ సిటీ బస్సులో కండక్టరు. ఎక్కినవాళ్ళందరికీ సీట్లు సర్దిపెట్టి, తాను మాత్రం కడ్డీ పట్టుకుని నిలబడిన మనిషి. రిటైరయ్యేసరికి పెన్షనుతో పాటు అరిగిపోయిన మోకాలి చిప్పలు రెండు దక్కాయి. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "అడిగినవాడు చిల్లర లేకుండా వచ్చాడు, దింపేశాను" అంటుంది. నోరు అలాంటిది.

చేతికర్ర లేనిదే వీధిలో అడుగు పడదు గానీ ఇంట్లో మాత్రం ఆవిడదే రాజ్యం. డిపోలో పాత బస్సు విప్పేస్తుంటే అందులోని కడ్డీలు తెప్పించి, మంచం దగ్గర మొదలుపెట్టి వంటింటి మీదుగా స్నానాలగది దాకా గోడ వెంట బిగించుకుంది. చక్రాల కుర్చీపీట ఒకటి సంపాదించి దాని మీద కూర్చునే వంట చేస్తుంది. ఉప్పు డబ్బా అందకపోతే గోడని ఒక్క తోపు తోసి అటు దొర్లుతుంది. పైఅర సామానుకీ, కింద పడ్డ చెంచాకీ, కిటికీ తెరకీ కలిపి ఒకటే పొడుగాటి పట్టకారు. ఎవరైనా జాలిగా "ఎలా ఉన్నారమ్మా?" అని తల పక్కకి వాల్చి అడిగితే, "నేను బాగానే ఉన్నాను, నీ మెడకేమైంది?" అంటుంది.

ఈ రాజ్యానికి శత్రువు ఒక్కతే. సొంత చెల్లెలు. చెడ్డ మనిషైతే తిట్టి పంపేయవచ్చు. కాదు, మంచిది! అక్కంటే ప్రాణం. తన ఇంటికి వచ్చిన మనిషిని కుర్చీలోంచి లేవనివ్వదు. టీలో చక్కెర తానే కలిపి, ఊది, చల్లార్చి చేతికిస్తుంది. లైటు ఎప్పుడు ఆర్పాలో, దుప్పటి ఎంతవరకు కప్పుకోవాలో కూడా తానే చూసుకుంటుంది. కండక్టరమ్మ ఒకసారి అక్కడ కొన్నాళ్ళుండి వచ్చి, "నన్ను లగేజీ కింద జమకట్టేసిందయ్యా" అని నా దగ్గర వాపోయింది.

అక్కాచెల్లెళ్ళు పోట్లాడి పోట్లాడి చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు.

"నీ సరుకులు నువ్వు నడిచెళ్ళి తెచ్చుకున్నన్నాళ్ళు నేను నోరెత్తను. అది చేతకాని రోజు మాత్రం మారుమాట లేకుండా మా ఇంటికొచ్చెయ్యాలి అక్కా" అంది చెల్లెలు.

"అలాగే. నువ్వు మాత్రం ఆ రోజు కోసం గుమ్మంలో కూర్చోకు" అంది అక్క.

ఇంటికీ బజారుకీ మధ్య మూడు బెంచీలుండేవి. వాటికి ఆవిడ స్టేజీలని పేరు పెట్టుకుంది. ఒక స్టేజీలో కూర్చుని, మోకాళ్ళని బుజ్జగించి, తర్వాతి స్టేజీకి బయల్దేరేది. అలా వెళ్ళి పాలూ రొట్టే కూరగాయలూ తెచ్చుకునేది. నేను బజారుకి వెళ్తూ "ఏమైనా తెమ్మంటారా?" అంటే చాలు, నేనేదో పర్సు కొట్టేయబోయినట్టు చూసేది.

ఇంతలో సుందరీకరణ వచ్చింది. మూడు స్టేజీలూ ఒక్క వారంలో ఎగిరిపోయాయి. కండక్టరమ్మ కర్ర మీద రెండు చేతులూ ఆన్చి, ఆ పూలకుండీని ఎగాదిగా చూసి, "వీటికేనా మోకాళ్ళ నొప్పులు?" అంది. ఆ రోజు ఇల్లు చేరేసరికి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. ముఖం పాలిపోయింది. అయినా చెల్లెలు ఫోన్ చేస్తే, "షికారుగా వెళ్ళొచ్చాను" అని చెప్పింది.

ఇక్కడే నా వాదానికి అసలు బలం! బెంచీలున్నన్నాళ్ళూ ఆవిడ లోకం మూడు బెంచీలంత. అవి పోయాక ఎన్ని కొత్త పరిచయాలు! కళ్ళజోళ్ళ షాపులో ఉచితంగా కంటి పరీక్ష చేస్తారు. ఆ పరీక్ష కుర్చీ మెత్తగా ఉంటుంది. "అక్షరాలు కనిపిస్తున్నాయా అమ్మా?" అంటే, "తొందరపెట్టకు నాయనా, ఒక్కొక్కటే వస్తున్నాయి" అనేది. ఫొటో స్టూడియోలో కూర్చుని దిగిన ఫొటోలు ఎన్నో! ఏ దేశం మొహమూ చూడని ఆవిడ దగ్గర అన్ని దేశాలకీ సరిపోయేన్ని పాస్‌పోర్టు ఫొటోలున్నాయి. బ్యూటీ పార్లర్ కుర్చీ కోసం జుట్టు కత్తిరించుకుని కత్తిరించుకుని చెవుల దాకా తెచ్చుకుంది. ఇక కత్తిరించడానికి ఏమీ లేదని ఆ అమ్మాయే చేతులెత్తేసింది. కళ్ళజోళ్ళాయన కూడా, "మీ చూపు నా చూపుకన్నా బాగుంది, ఏడాది దాకా రాకండి" అని దండం పెట్టాడు.

అప్పుడు దొరికింది ఫర్నిచర్ షాపు. లోపలికి అడుగు పెడితే ఎటు చూసినా కుర్చీలే! రోజూ బజారుకి వెళ్తూ ఒక కుర్చీ, వస్తూ ఒక కుర్చీ పరీక్షించేది. ఒకటి నడుం దగ్గర గట్టిగా ఉందనేది, ఇంకొకటి మరీ లోతుకి లాగేస్తోందనేది. ఈవిడ కొనే బేరం కాదని సేల్స్‌మన్‌కి మొదటి వారంలోనే తెలిసిపోయింది. అయినా, "రేపు ఇంకో మోడల్ చూద్దురుగాని మేడమ్" అనేవాడు.

ఒకరోజు ఆవిడ చూపు అతని కాళ్ళ మీద పడింది. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నాడు. ఆ నిలబడడం ఎలాంటిదో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నువ్వెప్పుడు కూర్చుంటావు బాబూ?"

"డ్యూటీలో మాకు కూర్చోడానికి లేదు మేడమ్. షాపులో ఎవరూ లేకపోయినా నిలబడే ఉండాలి."

"ఇన్ని కుర్చీలు పెట్టుకునా!"

"అవి అమ్మడానికి గదా మేడమ్."

ఏం క్రమశిక్షణ! చుట్టూ కుర్చీలు, మధ్యలో నిలువుకాళ్ళ మీద మనిషి. మున్సిపాలిటీ వారు ఊరంతా చేయాలనుకుంటున్న పనిని ఈ షాపు ఓనరు నాలుగు గోడల మధ్య ఎప్పుడో చేసి చూపించాడు. ఇలాంటివారిని పిలిచి సన్మానం చేయకపోతే మనమేం మనుషులం?

కండక్టరమ్మకి ఇంత సూక్ష్మం తెలియదు. "ముందు కూర్చో" అంది. అతను గోడ మీది కెమెరా వంక చూశాడు. "కూర్చోమన్నానా?" అంది బస్సు గొంతుతో. బస్సు గొంతు విని నిలబడగలిగినవాడు ఇంకా పుట్టలేదు. టక్కున ఎదుటి కుర్చీలో కూలబడ్డాడు.

ఓనరు పైఅంతస్తులో గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చుని ఇదంతా కెమెరాలో చూశాడు. దబదబా మెట్లు దిగొచ్చి, "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అని సేల్స్‌మన్ మీద విరుచుకుపడ్డాడు.

"కూర్చోమన్నది నేను" అంది కండక్టరమ్మ. "మనిషి బరువుకి కుర్చీ ఆగుతుందో లేదో చూడకుండా కొనేస్తారా ఎవరైనా? ఆగింది. బిల్లు రాయించండి."

ఓనరు ముఖం ఒక్కసారిగా వికసించింది. సేల్స్‌మన్ ఉద్యోగం నిలబడింది, అతనితో పాటే. కుర్చీ ఎక్కడికి పంపాలని అడిగితే, "రెండో స్టేజీకి" అంది ఆవిడ.

ఆ సాయంత్రమే సేల్స్‌మన్ ఆ కుర్చీని భుజాన మోసుకొచ్చి పూలకుండీ పక్కన వేశాడు. ఎవరూ ఎత్తుకుపోకుండా సైకిలు గొలుసుతో దీపస్తంభానికి కట్టాడు. ఇక చూడాలి మా వీధి వైభవం! నిండు గర్భిణి కూర్చుంది. కొరియర్ అతను కూర్చున్నాడు. కండక్టరమ్మ దూరాన కనిపించగానే ఎవరు కూర్చున్నా లేచి సీటిచ్చేవారు. నేను సిద్ధాంతరీత్యా ఇలాంటి వాటికి వ్యతిరేకిని గనక ఎవరూ చూడనప్పుడు మాత్రమే కూర్చున్నాను.

అందం చెడిపోతోందని ఎవరు ఫిర్యాదు చేశారో గానీ, మున్సిపాలిటీ వ్యాను వచ్చింది. సైకిలు గొలుసు కత్తిరించారు. అప్పటికి కండక్టరమ్మ బజారు నుంచి వస్తూ ఆ కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్ళో సరుకుల సంచి.

"లేవండమ్మా, కుర్చీ తీసుకెళ్ళాలి" అన్నాడు సూపర్‌వైజర్.

"కాళ్ళ నొప్పి తగ్గాక లేస్తాను."

"ఎప్పుడు తగ్గుతుంది?"

"ఇక తగ్గదని చెప్పాడు డాక్టరు."

సూపర్‌వైజర్ పై ఆఫీసరుకి ఫోన్ చేశాడు. ఫుట్‌పాత్ మీది కుర్చీని తీసేయడానికి రూలుంది. కుర్చీలో ఉన్న మనిషిని తీసేయడానికి లేదు. అటు నుంచి చాలాసేపు కేకలు వినిపించాయి. చివరికి, కుర్చీ ఎలా ఉంటే అలాగే ఎత్తమని ఆర్డరు! పనివాళ్ళిద్దరూ చెరోవైపు పట్టి, ఆవిణ్ణి కుర్చీతో సహా జాగ్రత్తగా వ్యానులోకి ఎక్కించారు. వీధి వీధంతా నోరు తెరుచుకుని చూస్తుంటే ఆవిడ వ్యాను రేకు మీద చేత్తో రెండు దెబ్బలు చరిచి, "రైట్ రైట్!" అంది. అంతమంది చప్పట్లు కొట్టడం నేను మా వీధిలో అదివరకు చూడలేదు.

వాళ్ళు మర్యాదస్తులే. నేరుగా ఇంటి ముందుకి తెచ్చి దింపారు. ఆవిణ్ణి లేపి చేతికర్ర అందించి, కుర్చీ వేసుకుని వెళ్ళిపోయారు.

గుమ్మంలో చెల్లెలు నిలబడి ఉంది.

అక్క ముఖంలో నవ్వు అప్పుడు మాయమైంది. సరుకులు ఇంటికి వచ్చాయి. కాళ్ళ మీద నడిచి రాలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

చెల్లెలే ముందు తేరుకుంది. "పోన్లే అక్కా, ఇవాళ్టిది లెక్కలోకి రాదులే" అంది. చెప్పానుగా, మంచి మనిషి.

కండక్టరమ్మ వ్యాను వెళ్ళినవైపే చూస్తూ నిలబడింది. "ఇవాళ వదిలేస్తావు సరే. రేపు ఎక్కడ కూర్చోవాలే నేను?" అంది. చెల్లెలు ఆవిడ చేతిలోని సంచి అందుకుంది. వ్యాను వెనకే వచ్చి మేడ మెట్ల మీద నిలబడి నేనూ విన్నాను. ఇంత వాదన వచ్చినవాణ్ణి, ఒక్క ముక్క పెగల్లేదు.

కుర్చీ ఒకటి కొనేశాక ఫర్నిచర్ షాపులో పరీక్షించే వంక కూడా పోయింది గనక, ఆ ఆదివారమే ఆవిడ చెల్లెలింటికి వెళ్ళిపోయింది. గోడకి బిగించిన కడ్డీలు మాత్రం రాలేదు. చెల్లెలింటి గోడలకి ఈమధ్యే రంగులు వేయించారట. నాకు ఆవిడ లేని లోటు బాగా తెలుస్తోంది. కింది వాటా ముందు నుంచి వెళ్తూ, తిట్టే మనిషి లేక, రెండుసార్లు ఊరికే తలుపు దగ్గర ఆగాను.

అయితే మీరు దిగులు పడకండి! ముసలివాళ్ళని మా మున్సిపాలిటీ ఏనాడూ మరిచిపోలేదు. పోయిన వారమే ఆ పూలకుండీ తీసేసి, అక్కడ బ్రహ్మాండమైన బెంచీ వేశారు. నిజం! దాని మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. సిమెంటు ముసలావిడ. ఒక పక్క చేతికర్ర, ఇంకో పక్క కూరగాయల బుట్ట, అన్నీ సిమెంటువే. కింద పలక మీద "పెద్దలకు మా గౌరవం" అని చెక్కించారు. ఎవరూ ఎక్కి కూర్చోకుండా చుట్టూ గొలుసు కట్టారు. ఆవిష్కరణ రోజున పెద్దమనుషులకి మెత్తటి కుర్చీలు అద్దెకి తెప్పించి, సభ అయిపోగానే లెక్కపెట్టి వెనక్కి పంపించేశారు.

ఇంతకన్నా ఆదర్శమైన వృద్ధురాలు ఏ ఊరికైనా దొరుకుతుందా? మోకాళ్ళు నొప్పనదు. కంటి పరీక్షకి పోదు. సేల్స్‌మన్‌ని కూర్చోబెట్టదు. ఎండకీ వానకీ అదే చిరునవ్వు!

ఈ శుభవార్త చెబుదామని కండక్టరమ్మకి ఫోన్ చేశాను. అంతా వింది.

"ఆవిడ పక్కన ఇంకో మనిషికి జాగా ఉందా?" అని అడిగింది.

"లేదమ్మా, బుట్ట పెట్టారు."

"బుట్ట ఒళ్ళో పెట్టుకుని లోపలికి జరగమను" అంది కండక్టరమ్మ. "మనుషులు నిలబడి ఉన్నారు!"