ఎర్ర కారుకు కంటి ఆపరేషన్

"వాసవీ, మీ అమ్మను చూసి శానా దినాలాయె గదా. రేపు నందికొట్కూరు పోయి రారాదూ?" అన్నాడు మురళి, ఇడ్లీ తుంచుతూ.

శ్రీవాసవి చేతిలో చట్నీ గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆమె పుట్టింటి పేరెత్తితే చాలు, మురళికి అంగట్లో కొత్త స్టాకు దిగేది. లేదా నడుము పట్టేసేది. ఆ రెండూ కుదరకపోతే కర్నూలులో పెద్ద వాన వచ్చే సూచనలు కనపడేవి. చివరిది ఎంత పెద్ద అబద్ధమో ఈ ఊరి వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

"మా అమ్మకు ఒళ్లు బాగలేదని ఫోనేమన్నా వచ్చిందా?"

"లేదే. బాగుండాది."

"మీకు బాగలేదా?"

"నాకేమి? గుండ్రాయి మాదిరి ఉండా."

"అయితే ఏంది సంగతి?"

"పెండ్లాన్ని పుట్టింటికి పొమ్మంటే గూడా అనుమానమేనా?" అని నొచ్చుకున్నాడు మురళి. నొచ్చుకోవడం అతనికి బాగా వచ్చు.

అతని ప్రేమకు అసలు కారణం ఇంటి ముందు, పాత దుప్పటి కప్పుకొని పడుకొని ఉంది. ఎర్రటి కారు. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకు జానెడెత్తు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ నుంచి బదిలీ అయిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్నాడు. అది స్పోర్ట్స్ కారని మురళి ఊరంతా చెప్పుకున్నాడు. అతని తల్లి రాజ్యలక్ష్మమ్మ మాత్రం దానికి 'ఎర్రకప్ప' అని పేరు పెట్టింది. అందులోకి దిగడం ఆమె ఒక్కతే దిగింది. పైకి లేపడానికే ఇద్దరు కావలసి వచ్చారు.

వాసవి చిన్న చెల్లెలు అమూల్యకు పెళ్లి కుదిరింది. ఎదుర్కోలు నాటి సాయంత్రం పెళ్లికొడుకు విడిది నుంచి మంటపం దాకా ఊరేగింపుగా వచ్చేది తన ఎర్ర కారులోనే కావాలని మురళి పట్టు. దీనికి వేరే కారణమేమీ లేదు, ఒక్క తోడల్లుడు ప్రదీప్‌కుమార్ తప్ప. ఆదోనిలో పత్తి వ్యాపారం, ఇంటిల్లిపాదీ పట్టే తెల్ల బండి. అత్తగారింట్లో ఏ పని తగిలినా "ప్రదీప్ బండి ఉండాది గదా" అనే మాటే. వినీ వినీ పెద్దల్లుడైన మురళి చెవులకు చిల్లులు పడ్డాయి.

మామ గంగాధరం కారును చూడటానికి వచ్చాడు. దీపాలు పెట్టే వేళకు హెడ్‌లైట్లు వేయించి చూశాడు. అద్దాలు పచ్చబడి, వెలుతురు గంజిలా వచ్చింది.

"ఏమప్పా అల్లుడూ, దీని కండ్లకు శుక్లాలొచ్చినట్టుండాయే! ఈ గుడ్డి వెలుతుర్లో పెళ్లికొడుకును తెచ్చి యా కాలవలో దించుతావో! కండ్లు బాగు చేయించు, మళ్లా వచ్చి చూస్తా. కాకుంటే ప్రదీప్ బండి ఉండాది గదా."

ఆ చివరి మాటతో మురళికి పౌరుషం వచ్చింది. కొత్త అద్దాలు ఎవడైనా వేయిస్తాడు. తను ప్రొజెక్టరు లైట్లు చేస్తాడు. సొంతంగా. ఇంట్లోనే.

మామూలు హెడ్‌లైటు చెంబుతో నీళ్లు చల్లినట్టు వెలుతురు చల్లుతుంది. ప్రొజెక్టరు అలా కాదు. బల్బు ముందు బొద్దుగా ఒక గాజు కటకం ఉంటుంది. అది రోడ్డు మీద గీత గీసినట్టు వెలుతురు పరుస్తుంది. గీతకు కింద పగలు, పైన చీకటి. ఎదురొచ్చేవాడి కళ్లకు మిరుమిట్లు గొలపదు. ఇదంతా మురళి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చొని, పాత్రల అంగడిని తల్లికి వదిలేసి నేర్చుకున్నాడు. లారీ మెకానిక్కు ఏసురాజు బెంగుళూరు పాత సామాన్ల బజారులో ఒక విదేశీ కారువి తెచ్చిచ్చాడు కూడా.

ఒక్కటే చిక్కు. హెడ్‌లైటు అద్దాన్ని నల్లటి జిగురుతో అతికించి ఉంటారు. ఆ జిగురు మెత్తబడాలంటే హెడ్‌లైటును ఓవెన్‌లో పెట్టి వేడి చేయాలి.

ఇంట్లో ఓవెన్ ఉంది. కానీ అది వాసవిది. ఆమె అందులో గుడ్డు లేని కేకులు చేస్తుంది. దాని తలుపు తెరిచే హక్కు ఆ ఇంట్లో ఇంకెవరికీ లేదు. అందుకే ఇడ్లీల దగ్గర అత్తగారి మీద అంత బెంగ పుట్టుకొచ్చింది.

మరునాడు వాసవి సంచీ సర్దుకొని బస్టాండుకు పోయింది. మురళి వీధి మలుపు దాకా చెయ్యి ఊపి, లోపలికి పరుగెత్తి, హెడ్‌లైటును ఓవెన్‌లో పెట్టాడు. సగమే పట్టింది. తిప్పి పెట్టాడు. తోక బయటికొచ్చింది. నిలువునా, అడ్డంగా, ఏటవాలుగా కూడా చూశాడు. చివరికి మోకాలితో నెడుతుండగా వెనక నుంచి గొంతు వినపడింది.

"పట్టదు. మొన్ననే కొలిచినా."

మురళి మోకాలు తీయకుండానే తిరిగి చూశాడు. గుమ్మంలో వాసవి. చేతిలో సంచీ.

"బస్సు పోయిందా?"

"పోయింది. నేను ఎక్కలేదు."

"నీకెట్ల తెలిసింది?"

"కారు కండ్లు పీకి మంచం కింద పెట్టి, పెండ్లాన్ని పుట్టింటికి పొమ్మంటే ఇంకేమనుకోవాల? ముందు ఆ మోకాలు తీయండి. తలుపు ఊడితే మీ అమ్మ పుట్టినరోజుకు కేకు మీ హెడ్‌లైట్లోనే చేయాల."

మురళి తిట్లకు సిద్ధపడ్డాడు. తిట్లు రాలేదు. వాసవి హెడ్‌లైటును చేతికి తీసుకొని, జిగురు గీతను గోటితో గీకి చూసింది.

"ఓవెన్ రాకముందు నేను కేకు దేంట్లో చేస్తాంటి?"

"దేంట్లో?"

"తినేదొక్కటే తెలుసు మీకు. దబరలో అడుగున ఇసుక పోసి, మీద స్టాండు పెట్టి, మూతేసి. మీ అంగట్లో పెళ్లి వంటల గుండిగలున్నాయి గదా? ఒకటి పట్టుకురండి."

ఊరేగింపుకు సరిపడా పులిహోర కలిపే గుండిగ ఒకటి పొయ్యి మీదికెక్కింది. అడుగున ఇసుక, దాని మీద స్టాండు, స్టాండు మీద కారు ఎడమ కన్ను. వేడి ఎక్కువైతే ప్లాస్టిక్కు కరుగుతుంది, తక్కువైతే జిగురు వదలదు. వాసవి సెగ తగ్గించి, ముక్కు పుటాలు ఎగరేస్తూ నిలబడింది. మురళి గడియారం పట్టుకొని ఇంటర్నెట్‌లో చదివింది అప్పజెప్పసాగాడు.

"మీ ఇంటర్నెట్టోడు గుండిగలో చేసినాడా?"

"లేదు."

"అయితే నోరు మూసుకోండి. వాసన తెలీకుండా పోతాంది."

రాజ్యలక్ష్మమ్మ వంటింట్లోకి తొంగి చూసింది. "ఏందమ్మా వండుతాండావు?"

"కారు కండ్లు అత్తా."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "వానికి ఉప్పు తగ్గించు, బీపీ ఉండాది" అని వెళ్లిపోయింది.

"ఇప్పుడు దించండి!" అంది వాసవి. జిగురు జున్నులా సాగుతూ వదిలింది. అద్దం ఊడి వచ్చింది, చిన్న పగులైనా లేకుండా.

అక్కడి నుంచి పని మురళిది. మాటల్లో ఎన్ని సున్నాలు కలిపినా, అతని చేతులు మాత్రం అబద్ధమాడవు. పచ్చబడిన అద్దాన్ని నీటి సాండ్‌పేపరుతో రుద్ది రుద్ది గాజు గ్లాసులా చేశాడు. కటకం చుట్టూ అందంగా ఉండాలని అంగట్లోంచి రెండు స్టీలు పాయసం గిన్నెలు తెచ్చి, అడుగు గుండ్రంగా కోసి, ఆకురాయితో అంచులు నున్నగా అరగదీశాడు. గిన్నె మీద చెక్కిన పువ్వు చెడకుండా పైకి వచ్చేలా పెట్టాడు. వాసవి పిండి కలుపుతూ కలుపుతూ ఆపి, చూస్తూ నిలబడిపోవడం అతను గమనించాడు. అలా చూసినప్పుడల్లా అతని ఆకురాయి కాస్త వయ్యారంగా కదిలింది.

కటకం బిగించే ముందు ఆమె అడిగింది. "బల్బు ముందర ఆ రేకేంది?"

ప్రొజెక్టరు లోపల, బల్బుకూ కటకానికీ మధ్య, కింది సగంలో ఒక చిన్న రేకు అడ్డంగా ఉంది.

"అదే చూస్తాండా. రోడ్డు కిందుండాది. ఈ రేకు కిందికి పోయే వెలుతురునే ఆపుతాంది. ఏసురాజు తలకిందులుగా పట్టుకున్నట్టుండాడు. తిప్పి బిగిస్తే సరి."

"తిప్పొద్దండీ. కటకం దాటినాక బొమ్మ తలకిందులవుతుంది గదా. కింద ఆపితే బయట పైన చీకటి పడుతుంది. డిగ్రీలో ఈ ప్రయోగం నేను చేసినా."

"అది కాలేజీ కటకం. ఇది విదేశీ కటకం."

"విదేశాల్లో వెలుతురు గూడా కుడిపక్క నడుస్తుందా?"

"వాసవీ, గుండిగ నీది. టెక్నికల్ నాది." తిప్పి బిగించి, మళ్లీ జిగురు పెట్టి అతికించేశాడు.

మరునాడు సాయంత్రం, చీకటి పడుతుండగా, వీధి జనం కొందరు మూగారు. మురళి కారులో కూర్చొని స్విచ్చి నొక్కాడు.

రోడ్డు మీద ఏమీ లేదు. రోడ్డు పక్కన నిలబడిన వాళ్ల మీదా ఏమీ లేదు. ఎదురింటి మేడ పిట్టగోడ దాకా కటిక చీకటి. ఆ పైన పట్టపగలు. ఆ పగటి వెలుతురులో, చారల డ్రాయరుతో, మేడ చల్లబరచడానికి బకెట్టెత్తి పట్టుకొని, రిటైరైన లెక్కల అయ్యవారు శేషన్న.

"ఎవుర్రా నా మీద లైటేసినోడు?"

మురళి కంగారులో ఇంకో మీట నొక్కాడు. హారను మోగింది. వీధిలో మిగిలిన వాళ్లు కూడా బయటికొచ్చారు. కింద నుంచి అయ్యవారి భార్య వెంకటేశ్వరమ్మ కేకేసింది. "ఏమండీ, వీధంతా మిమ్మల్నే చూస్తాంది, ఆ పంచన్నా చుట్టుకోండి!"

లైట్లు ఆరిపోయాక చాలాసేపు మురళి కారు దిగలేదు. వాసవి వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

"గీత మాత్రం కత్తితో కోసినట్టుండాది. మెచ్చుకోవాల్సిందే" అంది.

"రేపు సాయంత్రం మీ నాయన వస్తాడు."

"వస్తాడు."

"రేపు అంగడి ముయ్యలేను. పెళ్లిళ్ల బేరాలు. అయిపోయింది వాసవీ. ప్రదీప్ బండే."

వాసవి అతని చొక్కాకంటిన జిగురు చుక్కను గోటితో తీసింది.

మరునాడు అంగట్లో మురళి బిందెలు అమ్ముతూ సాకులు తయారు చేసుకున్నాడు. ఊరేగింపులో కనపడాల్సింది తోరణాలు, బ్యానర్లే గానీ రోడ్డు కాదు కదా అనేది అందులో అన్నిటికన్నా గట్టిది. దాన్నే వల్లె వేసుకుంటూ ఇంటికొచ్చేసరికి గంగాధరం కారు ముందు చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు.

"వెయ్యప్పా."

"మామా, అసలు ఊరేగింపులో కావాల్సింది..."

"వెయ్యప్పా ముందు!"

మురళి కళ్లు మూసుకొని స్విచ్చి నొక్కాడు. శేషన్న అరుపు వినపడలేదు. ఒక కన్ను తెరిచాడు. రోడ్డంతా తెల్లగా, చాప పరిచినట్టు వెలుతురు. ఎదురింటి గోడ మీద నడుమెత్తున దారం పట్టినట్టు సూటిగా గీత. దాని పైన మేడ, మేడ మీద అయ్యవారు, అంతా హాయిగా చీకట్లో ఉన్నారు.

"అబ్బబ్బ! ఏమి పనితనమప్పా!" గంగాధరం గీత వెంబడి చెయ్యి రాస్తూ నడిచాడు. "ఆ స్టీలు పువ్వు చూడు! అల్లుడంటే నువ్వప్పా!"

మురళి తల తిప్పి చూశాడు. అరుగు మీద అత్తాకోడళ్లిద్దరూ ఏమీ ఎరగనట్టు చిక్కుడుకాయలు తుంచుతున్నారు.

"రెండు వాయిలేసినాంలే" అంది రాజ్యలక్ష్మమ్మ కొడుకుతో, గొంతు తగ్గించి. "ఎడమ కన్ను ఒక వాయి, కుడి కన్ను ఒక వాయి. నువ్వు తిప్పినదాన్ని కోడలు మళ్లా తిప్పింది."

మామ ఇంకా పొగుడుతూనే ఉన్నాడు. "ఇంక మాటే లేదు. పెళ్లికొడుకు వచ్చేది ఈ కార్లోనే!"

మురళి ఛాతీ పొంగింది. "నేను నిమ్మళంగా తోలుకొస్తా మామా, కుదుపు లేకుండా..."

"నువ్వా? నువ్వెట్ల తోలుతావప్పా? నువ్వు ఆడపెళ్లివాళ్ల పక్కోడివి! పెద్దల్లుడు పానకం బిందె పట్టుకొని మంటపం ముందర నిలబడాల. కార్లో వచ్చి దిగి, నీకు నువ్వే ఎదురేగుతావా?"

ఇన్ని రోజుల్లో వాకిట్లోని కారును గురించి తప్ప, ఆ కారు ఎవరి ముందు ఆగుతుందో మురళి ఆలోచించనే లేదు.

"మరి... ప్రదీప్ తోల్తాడా?" అన్నాడు, ప్రాణం ఉగ్గబట్టుకొని.

"వాడూ మన పక్కే గదా. కొబ్బరికాయల బుట్ట వానిది." ఆ ఒక్క మాటకు మురళి కాస్త కోలుకున్నాడు.

"మరెవరు మామా?"

"పెళ్లికొడుకును విడిది నుంచి పిలుచుకొచ్చేది బావమరిది. నాకు మగపిల్లోళ్లు లేరు. పెద్దబిడ్డ ఉండాది. కాలేజీ దినాల్లో మా నూనెమిల్లు వ్యాను ఆత్మకూరు దాకా తోలిందే ఈ యమ్మి! పోయిన వారమే అనుకున్నాంలే. నీకు చెప్పలేదా?"

మురళి వాసవి వంక చూశాడు. పోయిన వారం. అంటే ఇడ్లీలకన్నా ముందు. ఓవెన్ కొలవడం, బస్సెక్కకపోవడం, గుండిగ, రెండు వాయిలు, అన్నీ ఆ పోయిన వారం తర్వాతవే.

"చెప్పుంటే మీరు లైట్లు చేసేవాళ్లా?" అంది వాసవి, చిక్కుడుకాయ తుంచుతూ. "గుడ్డి కారు తోలడం నాకు చేతకాదు. ఇంత బాగా చేసే మనిషి ఇంట్లో ఉండగా వేరేవాళ్ల దగ్గరికి ఎందుకు పోవాల?"

తర్వాత లేచి, చెయ్యి కొంగుకు తుడుచుకొని, అరచెయ్యి చాపింది. ఈ ఇంటికి కోడలై వచ్చాక స్కూటరుదీ, అంగడి ఆటోదీ, కారుదీ ఏ తాళంచెవీ ఎవరూ ఆ చేతిలో పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని ఆమె ఎప్పుడూ అడగలేదు. మురళికి కూడా అది ఇప్పుడే తోచింది. జేబులోంచి తీసి ఇచ్చాడు.

"క్లచ్చి కొంచెం గట్టి" అన్నాడు.

"తెలుసు. పొద్దున మీరు లేవకముందే మీ జేబులోది తీసుకొని బస్టాండు దాకా పోయొచ్చినా."

ఎదుర్కోలు నాటి సాయంత్రం నందికొట్కూరులో మేళం ముందు నడిచింది. వెనక ఎర్ర కారు, స్టీరింగు దగ్గర కంచిపట్టు చీరలో వాసవి, పక్కన పెళ్లికొడుకు. తోడిపెళ్లికొడుకు చోటు లేక నడుచుకుంటూ వచ్చాడు. ఎక్కడా కుదుపు లేదు, గుంత లేదు, కాలువ లేదు. మంటపం ముందు ఆగేసరికి రెండు లైట్ల వెలుతురు ఆడపెళ్లివారి మీద సరిగ్గా నడుము దాకా వచ్చి, గీత గీసినట్టు ఆగింది. వరుసగా పంచెలు, పట్టుచీర కుచ్చిళ్లు, పానకం బిందె, కొబ్బరికాయల బుట్ట ధగధగలాడాయి. పైన ఎవరి మొహమూ కనపడలేదు.

"ఈ లైట్లు ఎవరు చేసినారన్నా? ఇట్లాంటివి ఆదోనిలో గూడా లేవు" అని చీకట్లోంచి ప్రదీప్‌కుమార్ గొంతు అడిగింది.

పెద్దల్లుడు జవాబు చెప్పబోయేంతలో కారు కిటికీలోంచి వాసవి తల బయటికి పెట్టింది.

"ఏమండీ, బిందె పట్టుకొని అట్లే నిలబడినారేంది? జరగండి, పెళ్లికొడుకు దిగాల!"

మురళి జరిగాడు. అతను ఎంత వెడల్పుగా నవ్వుతున్నాడో, గీతకు పైన ఉన్నందువల్ల, ఎవరికీ తెలియలేదు.