మామగారి రాగి గొట్టం

చెంజెరాయ్ అంటే వాళ్ల షోనా భాషలో ‘జాగ్రత్త’ అని. తల్లి ఎవరిని హెచ్చరించాలని ఆ పేరు పెట్టిందో గానీ, పట్టించుకున్నది అతని భార్య న్యారద్జో ఒక్కతే.

చిమానిమాని కొండల్లో మామగారి ఇల్లు. ఆయన పోయాక అందులోనే వాళ్ల కాపురం. చెంజెరాయ్‌కి రేడియో పిచ్చి. పక్క దేశంలోని లుసాకా నగరం నుంచి మాట్లాడే మిత్రుడి గొంతు అందడం లేదని రింగు యాంటెన్నా కట్టాలనుకున్నాడు. దానికి రాగి గొట్టం కావాలి. స్నానాల గదికి మామగారు ముచ్చటపడి వేయించిన వేడినీళ్ల గొట్టం మీద కన్నుపడింది. న్యారద్జో చర్చికి వెళ్లిన పూట కోసేశాడు.

ఆమె రాగానే, “దొంగలే!” అన్నాడు.

“రంపం వాళ్లే తెచ్చుకున్నారా, మనదే వాడుకున్నారా?”

“నాకేం తెలుసు?”

“ఒట్టు?”

“మీ నాన్న మీద ఒట్టు!”

గొట్టాన్ని బండిచక్రమంత రింగుగా వంచి, నల్లరంగు పూసి, ‘ఇనుము’ అని చెప్పి రేకుల షెడ్డులో నిలబెట్టాడు. కింద స్టేషన్ పట్టే కండెన్సర్ బిగించాడు. అది వెంట్రుకవాసి కదిలితే చాలు, స్టేషన్ జారిపోతుంది. ఊపిరి బిగబట్టి తిప్పేవాడు.

ఓ పొద్దున కొండ మీంచి మంచు దిగి ముంగిలి మాయమైంది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. లుసాకా లేదు.

టక్... టక్... టక్...

మామగారి చేతికర్ర. అదే తీరిక, అదే నడక.

రింగు కంత ఎటు తిరిగితే మోత ఆగుతుందో, మోత పుట్టే చోటు అటే. రింగు తిప్పాడు. కంత కొండవాలు వైపు తిరిగేసరికి మోత చప్పున ఆగింది. అటు ఉన్నది మామగారి సమాధి ఒక్కటే.

మూడు రోజులు అంతే. అతను కూర్చోగానే ఆయన బయలుదేరేవాడు.

“ముఖం అలా పాలిపోయిందేమయ్యా?” అంది న్యారద్జో.

“మీ నాన్న...”

“పోయాడుగా!”

“అదేనే నా భయం!”

ఆమె మారు మాట్లాడకుండా మంచులోనే అతన్ని సమాధి దగ్గరికి నడిపించి మోకాళ్ల మీద కూర్చోబెట్టింది.

“గట్టిగా చెప్పు. నాన్నకు చెవుడు.”

గొట్టం సంగతి, దొంగ ఒట్టు సంగతి, నల్లరంగు సంగతి, అన్నీ కొండ దద్దరిల్లేలా చెప్పుకున్నాడు.

తిరిగొచ్చాక న్యారద్జో ధాన్యం కొట్టు తలుపు తీసింది. గోడకు ఓ పెట్టె. టక్... టక్...

“దొంగలు పడ్డారన్నావుగా, కరెంటు కంచె పెట్టించాను. ఈ పెట్టె కొట్టే ప్రతి దెబ్బా నీ రేడియోలో పడుతుంది.”

“మరి సమాధి వైపు...?”

“ఆ రింగుకు ముందూ వెనకా తెలియదని జావ తాగుతూ నెల్లాళ్లు నా చెవిలో ఊదింది నువ్వేగా. షెడ్డుకు అటు సమాధి, ఇటు ఈ కొట్టు. నువ్వు హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే నేను స్విచ్ వేసేదాన్ని.”



కొత్త గొట్టం వచ్చేదాకా ఆమె స్నానానికి రెండు బకెట్ల వేడినీళ్లు అతనే మోయాలని తీర్పు అయింది. మంచులో మోస్తుంటే కొట్టులోంచి టక్... టక్... అది కంచె పెట్టేనని అతనికి తెలుసు. అయినా ఒక్కోసారి బకెట్లు దించి, కొండవైపు తిరిగి, మెల్లగా అంటాడు:

“వేడిగానే తీసుకెళ్తున్నా మామయ్యా.”