కాఫీకి ముందు గంట

జయపాల్ గారి కష్టాలన్నీ పొద్దున ఆరింటికి మొదలై ఏడింటికి ముగిసిపోతాయి. మిగతా ఇరవై మూడు గంటలూ ఆయనంత నిశ్చింతగా బతికే మనిషి గుణదల మొత్తం గాలించినా దొరకడు. రిటైరయ్యాడు, పింఛను వస్తోంది, కూతురు బ్లెస్సీ మంగళగిరిలో హాయిగా కాపురం చేసుకుంటోంది. పొట్ట తప్ప ఆయన ఒంట్లో ఏదీ హద్దు మీరలేదు.

ఆ గంట కష్టానికి మూలం ఒక చిన్న మాత్ర. ఆయన భార్య అమలమ్మకు థైరాయిడ్. పదహారేళ్ళుగా పొద్దున లేవగానే పరగడుపున మాత్ర వేసుకుంటుంది. వేసుకున్నాక గంట దాకా కాఫీ తాగకూడదు. ఇది డాక్టరు అమలమ్మకు పెట్టిన నియమం. ముప్పై ఒక్క ఏళ్ళు మిషన్ స్కూల్లో లెక్కల టీచరుగా చేసిన అమలమ్మ, తప్పు ఒకడు చేసినా క్లాసంతటినీ నిలబెట్టే అలవాటు కొద్దీ, ఆ నియమాన్ని ఇంటికంతటికీ వర్తింపజేసింది.

“మాత్ర వేసుకున్నది నువ్వు. నడుమ నాకెందుకు ఉపవాసం?” అనేవాడు జయపాల్.

“డికాషన్ వాసన ముక్కుకి తగిలితే నేను ఆగలేనండీ.”

“పోనీ నువ్వు హాల్లో కూర్చో. నేనే కలుపుకుంటా.”

“పోయినసారి కలుపుకున్నారుగా! మీరు మాడ్చిన ఆ గిన్నెతోనే ఇప్పుడు మొక్కలకి నీళ్ళు పోస్తున్నా.”

“అయితే బయటికెళ్ళి తాగొస్తా.”

“వెళ్ళండి, ఎవరొద్దన్నారు?”

వెళ్ళలేడు. అమలమ్మ కాఫీ తాగిన నాలుకకు బయటి కాఫీ ఆనదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆవిడకు అంతకన్నా బాగా తెలుసు.

జయపాల్ ముప్పై నాలుగేళ్ళు కాలవల మీద పనిచేశాడు. లాకు దగ్గర నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో గేజీ చూసి, రిజిస్టరులో రాసి, పైవాళ్ళకు చెప్పడం ఆయన ఉద్యోగం. కాలవ చివరి పొలాల రైతులు నీళ్ళందడం లేదని వచ్చి మీద పడితే గేజీలో ఒకటి రెండు అంగుళాలు తగ్గించి రాసేవాడు. పైవాళ్ళు అయ్యో పాపం అనుకుని మరికాస్త నీళ్ళు వదిలేవాళ్ళు. అందుకే ఆయనకు ‘అంగుళాల జయపాల్’ అన్న బిరుదు వచ్చింది. లోకంలో ఏ కష్టమైనా కొలతను కాస్త సర్దితే తీరిపోతుందన్నది ఆయన జీవిత సిద్ధాంతం.

వంటింటి గోడ మీది గడియారం కూడా ఒక గేజీయే కదా అన్న జ్ఞానం ఆయనకు జనవరిలో ఒకనాడు, ఆరూ ఇరవైకి, కాఫీ లేకుండా కూర్చుని ఉండగా కలిగింది.

ఆరింటికి మాత్ర వేసుకుని అమలమ్మ హాల్లో మరియమాత స్వరూపం ముందు కూర్చుని జపమాల చెప్పుకుంటుంది. అప్పుడు కళ్ళు మూసుకునే ఉంటుంది. జయపాల్ చప్పుడు కాకుండా స్టూలు వేసుకుని ఎక్కి, ముల్లును పది నిమిషాలు ముందుకు జరిపాడు. గడియారం ఏడు కొట్టింది, కాఫీ వచ్చింది. ఆవిడ స్నానానికి వెళ్ళగానే మళ్ళీ స్టూలెక్కి ముల్లును వెనక్కి తెచ్చాడు. పొద్దున పూట ఆవిడ ఫోను ముట్టదు. ఇంట్లో ఉన్న మరో టైంపీసును బాగుచేయిస్తానని తీసుకెళ్ళి ఈయనే కొట్లో మర్చిపోయి వచ్చాడు. ఆ మర్చిపోవడం కోసం రెండు రోజులు ఆలోచించాడు.

ఒక్కటే చిక్కు. గంట మరీ గబుక్కున అయిపోయినట్టు అనిపిస్తే అనుమానం రాదూ? కాబట్టి జపమాల కాగానే ఆవిణ్ణి మాటల్లో పెట్టాలి. అంతకు ముందు పొద్దున పూట ఈయన నోటి నుంచి వచ్చే మాట ‘ఇంకా ఎంతసేపు?’ ఒక్కటే. ఇప్పుడు ఉల్లిపాయలు ఒలుస్తూ కబుర్లు మొదలుపెట్టాడు. పెళ్ళిచూపులకు తమ్ముడి చొక్కా తొడుక్కుని వచ్చి, బొత్తాం తెగిపోతే చెయ్యి అడ్డం పెట్టుకునే కాఫీ తాగిన సంగతి చెప్పాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆఫీసరు ముందు దర్జాగా గేజీ చూపించబోయి కాలవలో పడ్డ సంగతి చెప్పాడు. అమలమ్మ పప్పు గరిటె పట్టుకుని కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది.

“ఇన్నేళ్ళూ చెప్పలేదేంటండీ ఇవన్నీ?”

“సందర్భం రాలేదు,” అన్నాడు జయపాల్, ఓరకంట గడియారం చూస్తూ.

ఫిబ్రవరికి పది నిమిషాలు ఇరవయ్యాయి. ఏప్రిల్‌కి ముప్పై అయ్యాయి. ఆరున్నరకే కాఫీ! అదే నెలలో ఒకరోజు స్టూలు కాలు ఊగి, ఆయన ఫ్రిజ్జును కౌగిలించుకుని బతికిపోయాడు.

“ఏంటండీ ఆ చప్పుడు?” అని హాల్లోంచి అమలమ్మ.

“బల్లి!”

“ఎనభై కేజీల బల్లిలా ఉందే!” అని ఆవిడ మళ్ళీ జపంలో పడిపోయింది.

మే నెలలో మామూలు చెకప్‌కు సూర్యారావుపేట వెళ్ళారు. డాక్టర్ మనోజ్ఞ ఒకప్పుడు అమలమ్మ దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల. ఇప్పటికీ ‘టీచర్ గారూ’ అని లేచి నిలబడుతుంది.

“పదహారేళ్ళుగా వాడుతున్నారు కదండీ, పైగా అరవై దాటారు. ఈ మందు అవసరానికి మించి ఒంట్లోకి వెళ్తే ఏళ్ళ తరబడి ఎముకల్ని గుల్ల చేస్తుంది. తక్కువైతే నీరసం, ఒళ్ళు బరువు. సరిగ్గా ఎంత కావాలో అంతే పడాలి. రక్తపరీక్షతో పాటు ఈసారి ఎముకల స్కాన్ కూడా చేయిద్దాం. ఇప్పటిదాకా ఒక్కసారీ చేయించలేదు మీరు.”

మర్నాటికి రక్తపరీక్ష రిపోర్టు అమలమ్మ ఫోనుకు వచ్చింది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, నిట్టూర్చింది.

“టీఎస్‌హెచ్ బాగా పెరిగిందండీ. మాత్ర ఒంటికి పట్టట్లేదని అర్థం. ఇక డెబ్బై అయిదు డోసు చాలదు, మనోజ్ఞ వంద రాస్తుంది కాబోలు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా లేదు. ఏమై ఉంటుందంటారు?”

“ఏమో! నాకేం తెలుసు!” అన్నాడు జయపాల్. లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

ఉద్యోగంలో ఉండగా ఒక ఏడాది ఇలాగే గేజీలో రెండంగుళాలు తగ్గించి రాశాడు. నీళ్ళు చాలడం లేదనుకుని పైవాళ్ళు ఎక్కువ వదిలారు. అప్పటికే నిండుగా ఉన్న కాలవకు గండి పడి ఎవరిదో అరటితోట మునిగిపోయింది. ఆ తోట ఇప్పుడు ఆయన కళ్ళ ముందు తేలింది. తొందరగా కాఫీ తాగించి మందు పట్టకుండా చేసింది తను. అది తెలియని డాక్టరు డోసు పెంచుతుంది. పెరిగిన మందు వెళ్ళి అమలమ్మ ఎముకలకు గండి కొడుతుంది. ఆయనకు నిజంగా భయం వేసింది. అరగంట ముందు కాఫీ కోసం ఆవిణ్ణి మంచాన పడేస్తున్నానా అని తనను తానే తిట్టుకున్నాడు.

చెప్పేస్తే పోతుంది. కానీ అమలమ్మకు చెప్పడమంటే మాటలా? స్కానుకు ఇంకా మూడు రోజులుంది. ఈ మూడు రోజుల్లో ఎముకలు గట్టిచేసేస్తే డాక్టరు డోసు పెంచినా తట్టుకుంటాయి కదా అనుకున్నాడు. కింది వాటాలో ఉండే వెంకటకృష్ణారావును సలహా అడిగాడు. ఫోనులో వచ్చిన ప్రతి వైద్యాన్నీ పదిమందికి పంపే పుణ్యాత్ముడు కాబట్టి ఆయన్ని అందరూ ‘ఫార్వర్డు కృష్ణారావు’ అంటారు. రాగులు, నువ్వులు, ముళ్ళతో సహా చిన్న చేపలు, ఎండ అని ఆయన నాలుగు మందులు రాసిచ్చాడు.

మొదటిరోజు జయపాల్ పాత బాకీ తీర్చడానికి ముల్లును అరగంట వెనక్కి జరిపాడు. కాఫీ ఏడున్నరకు వచ్చింది. అప్పటికి ఆయన ఖాళీ గ్లాసును మూడుసార్లు కడిగిపెట్టాడు.

“ఇవాళ గంట బాగా సాగినట్టుంది కదండీ?” అంది అమలమ్మ.

రెండోరోజు ఆరూ అయిదుకే పాలు పోసిన రాగిజావ గ్లాసుతో ప్రత్యక్షమయ్యాడు. పొయ్యి మీద ఇంకో గిన్నె మొక్కల పాలయింది.

“పాలూ కాల్షియమూ ఈ మాత్రకి నాలుగ్గంటల దూరంలో ఉండాలండీ. పదహారేళ్ళుగా చెప్తున్నా. మీరు నాకు వైద్యం చేస్తున్నారా, మాత్రకా?”

మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం అయిదు నువ్వుల ఉండలు. ఇంట్లో కాళ్ళు తుడుచుకునే పట్టాలన్నీ జారిపోతావంటూ తీసి అటక మీద పడేశాడు. మెట్లు దిగుతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

“వదలండి! నాకు అరవై ఒకటి. తొంభై ఒకటి కాదు.”

మూడోరోజు పదింటికి డాబా మీదికి తీసుకెళ్ళి ఎండలో నిలబెట్టాడు. ఆవిడ గొడుగు విప్పింది.

“గొడుగు మూసెయ్ అమలా, విటమిన్ రాదు.”

“మే నెల బెజవాడ ఎండలో నిలబెడితే వచ్చేది విటమిన్ కాదండీ, అంబులెన్సు,” అని ఆవిడ చక్కా కిందికి దిగిపోయింది. తోడుగా నిలబడ్డ జయపాలే కళ్ళు తిరిగి, మజ్జిగ తాగి పడుకున్నాడు.

స్కాన్ పావుగంటలో అయిపోయింది. బల్ల మీద కదలకుండా పడుకుంటే చాలు, పైన ఒక యంత్రం అటూ ఇటూ తిరిగింది. బయట బెంచీ మీద జయపాల్ పరలోక జపం అందుకుని, అందులో తప్పులు మన్నించమని వేడుకునే మాట దగ్గరికి వచ్చేసరికి మూడుసార్లూ నాలుక మడతపడి ఆగిపోయాడు.

డాక్టర్ మనోజ్ఞ రిపోర్టులన్నీ తిరగేసి, మందుల చీటీ ముందుకు లాక్కుని పెన్ను తీసింది. పెన్ను కాగితాన్ని తాకబోతుండగా జయపాల్ కుర్చీలోంచి లేచాడు.

“ఆగమ్మా! డోసు పెంచొద్దు! గేజీ తప్పు!”

“ఏ గేజీ అంకుల్?”

అంతా చెప్పేశాడు. స్టూలు, ముల్లు, పది, ఇరవై, ముప్పై నిమిషాలు, టైంపీసు, రాగిజావ, ఏదీ దాచలేదు. “తప్పంతా నాదమ్మా. మందు చాలక కాదు, నేను పట్టనివ్వలేదు. మీరు పెంచేస్తే ఆవిడ ఎముకలు...” అరవై ఆరేళ్ళ మనిషి జేబురుమాలు కోసం రెండు జేబులూ వెతుక్కున్నాడు.

మనోజ్ఞ తెల్లబోయింది. “డోసు పెంచుతానని ఎవరన్నారండీ? టీఎస్‌హెచ్ ఉండాల్సిన చోటే ఉంది. నేను రాస్తున్నది పాత మాత్రే.”

జయపాల్ మెల్లిగా భార్య వైపు తిరిగాడు. అమలమ్మ గోడ మీది వెన్నెముక బొమ్మను శ్రద్ధగా చూస్తోంది.

“పెరిగిందన్నావు?”

“అన్నాను.”

“మరి ఈ నాలుగు నెలలూ అరగంట ముందే కాఫీ...”

“రెండోరోజు నుంచీ నేను అయిదున్నరకే మాత్ర వేసుకుంటున్నానండీ, మీరు గురక పెడుతుండగా. ఆరింటికి మీ ముందు మింగేవి ఉత్త మంచినీళ్ళు.”

“నీకెలా తెలిసింది?”

“ముప్పై ఒక్క ఏళ్ళు నలభై నిమిషాల పీరియడ్లు చెప్పాను. గంట కొట్టకముందే సుద్దముక్క కింద పెట్టేదాన్ని. నా దగ్గరే పది నిమిషాలు కొట్టేద్దామనే?”

“నిజమే అంకుల్,” అంది మనోజ్ఞ. “టీచర్ గారి క్లాసులో మేమెవ్వరం ఆ ప్రయత్నం కూడా చెయ్యలేదు.”

“మరి ఆ అబద్ధం ఎందుకాడావు?”

“ఫ్రిజ్జు పట్టుకుని వేళ్ళాడారుగా, తొంగి చూశాను! ఆ రోజు నా గుండె ఆగినంత పనైంది. నా ఎముకలు చూపించుకునే లోపల మీ ఎముకలకి కట్లు కట్టించాల్సి వచ్చేలా ఉంది. ఏంటని అడిగితే ‘బల్లి’ అంటారు. మీ నోటితో మీరే ఒప్పుకుంటే తప్ప ఆ స్టూలు వదలరని ఇలా చేశాను.”

మనోజ్ఞ నవ్వు ఆపుకుని స్కాన్ సంగతి చెప్పింది. వెన్నెముక బాగుంది. తుంటి దగ్గర మాత్రం ఎముక కొద్దిగా పలచబడింది. ఈ వయసు ఆడవాళ్ళలో ఎక్కువగా కనబడేదే, గడియారానికీ దానికీ సంబంధం లేదు. రోజూ అరగంట నడవాలి, కాల్షియం మాత్ర మధ్యాహ్నం భోజనంతో వేసుకోవాలి, రక్తపరీక్ష మానకూడదు, రెండేళ్ళకు మళ్ళీ స్కాన్ చేయించాలి. జయపాల్ అన్నిటికీ తనే తల ఊపాడు.

“కాఫీకే ఇంత ఇబ్బందైతే మాత్ర పడుకునే ముందు వేసుకోవచ్చండీ. భోజనమయ్యాక మూడు గంటలాగితే చాలు. పొద్దునే లేవగానే కాఫీ తాగొచ్చు,” అంది మనోజ్ఞ. “ఆ సంగతి రెండేళ్ళ కిందటే టీచర్ గారికి చెప్పానే!”

జయపాల్ నోరు తెరిచాడు. రెండేళ్ళు! రెండేళ్ళ ఆరు గంటల కాఫీలు ఆయన కళ్ళ ముందు వరసగా చల్లారిపోయాయి.

“అమలా! ఎందుకు చెప్పలేదు?”

అమలమ్మ మొదటిసారి తడబడింది. హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగింది, మళ్ళీ మూసింది.

“కాఫీ గ్లాసు చేతికి రాగానే మీరు పేపరు పట్టుకుని బాల్కనీలోకి పోతారు. మళ్ళీ మీ గొంతు వినబడేది అన్నం వేళకే. ఆ గంటైనా కాఫీ కాఫీ అని నన్ను తిడుతూ వంటింట్లో నా వెనకాల తిరుగుతారుగా అని ఊరుకున్నాను. జనవరి నుంచీ తిట్టడం మానేసి కబుర్లు చెప్పడం మొదలెట్టారు. పెళ్ళయ్యాక మీరు నాతో అంత మాట్లాడింది ఈ నాలుగు నెలలే. ఇంక నేనెందుకు చెప్తానండీ?”

మనోజ్ఞ కంప్యూటర్లో లేని పని కల్పించుకుంది. జయపాల్ కళ్ళు తుడుచుకుని డాక్టరు వైపు తిరిగాడు.

“అమ్మా, మాత్ర పొద్దునే ఉండనివ్వండి.”

“అలాగే అంకుల్. గంట ఆగి కాఫీ...”

“గంట చాలంటారా? గంటన్నర ఆగితే ఇంకా మంచిదేమో!”

“చాల్లెండి సంబడం,” అంది అమలమ్మ లేస్తూ. “ఏడు దాటితే నాకు తలనొప్పి. మీ దగ్గర అంతకన్నా కబుర్లు మిగిలితే సాయంత్రం నడకలో చెబుదురు గానీ, పదండి.”

జయపాల్ రిపోర్టుల ఫైలు చంకలో పెట్టుకుని ఆవిడ వెనకాలే మెట్లు దిగాడు. ఉన్న కథలన్నీ ఏప్రిల్‌లోనే అయిపోయాయి, రేపు పొద్దున ఏం చెప్పాలా అని ఆయన అప్పుడే వెతుక్కోవడం మొదలుపెట్టాడు.